మా సయాజీ చెరిపేసిన పాటలు

సయాజీ పోయారు. ఆ కబురు ఆయన కూతురు అమెరికా నుంచి వాయిస్ మెసేజ్‌లో పంపింది. ఆ రోజు రంగూన్‌లో మా తామ్వే పేటలో పొద్దుట్నుంచీ కరెంటు లేదు. ఫోన్లో నెట్ వస్తూ పోతూ ఉంది. వంటనూనె కోసం కొట్టు ముందు వరసలో నిలబడి ఉన్నప్పుడు మెసేజ్ దిగింది. "నాన్న నిన్న మధ్యాహ్నం పోయారు గౌరీ. పెద్దగా బాధపడలేదు. మీ పెద్దమ్మగారికి నువ్వే వెళ్ళి చెప్పు, ఫోన్లో చెప్పకు" అంది. వరస కదిలింది. నేనూ కదిలాను. నూనె తీసుకుని ఇంటికొచ్చి, సీసా గట్టుమీద పెట్టి, అక్కడే నేలమీద కూర్చుండిపోయాను.

సయాజీ అంటే బర్మా భాషలో పెద్ద గురువుగారు అని. రంగూన్‌లో ముసలివాళ్ళని గౌరవంగా అలా పిలుస్తారు. తెల్లజుట్టు, భుజాన రికార్డింగు సంచీ, కాళ్ళకి హవాయి చెప్పులు వేసుకుని ఈ అమెరికా ఆయన మా వీధిలోకి మొదటిసారి వచ్చినప్పుడు టీకొట్టువాళ్ళు అలా పిలిచారు. చివరిదాకా మా అందరికీ అదే పేరు.

ఆయన జానపద సంగీతం రికార్డులు తీసే ప్రొడ్యూసర్. బొగ్గుగనుల ఊళ్ళో పుట్టారు. తండ్రి గనిలోకి దిగేవాడు. తల్లి వరండాలో తొట్టి దగ్గర బట్టలుతుకుతూ పాడేదట. ఇరవై ఏళ్ళ వయసులో ఒక పాత కారు వెనక రికార్డింగు మెషీను పడేసుకుని కొండ ఊళ్ళు తిరగడం మొదలుపెట్టారు. ఫిడేలు వాయించే మంగలివాళ్ళు, పత్తిచేలల్లోంచి వచ్చి మెట్లమీద గిటారు పట్టుకునే నల్లజాతి ముసలివాళ్ళు, ఆదివారం చర్చిలో పాడి సోమవారం హోటల్లో గిన్నెలు తోమే ఆడవాళ్ళు, వీళ్ళ పాటలే ఆయన జీవితమంతా రికార్డులుగా తీశారు. ఎవరి దగ్గరికి వెళ్ళినా ముందు వాళ్ళ పనయ్యేదాకా పక్కన కూర్చునేవారు. ఆ రికార్డులు పెద్దగా అమ్ముడుపోయేవి కావు. కానీ ఆ సంగీతం తెలిసినవాళ్ళు అట్ట వెనక ఆయన పేరుందేమో చూసి కొనేవారని తర్వాత నాకు ఆయన కూతురు చెప్పింది. ఆయన మాత్రం ఎప్పుడూ చెప్పుకోలేదు.

నేను ఇక్కడే పుట్టి పెరిగినదాన్ని. మా ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి రేవులో బియ్యం బస్తాలు మొయ్యడానికి వచ్చాడు. దేశం తలుపులు తెరిచిన ఆ కొన్నేళ్ళూ నేను టూరిస్టులకి గైడుగా పనిచేశాను. సయాజీ కూడా అలాగే నా దగ్గరికి వచ్చారు. పగోడాలు చూపించనా అంటే తల అడ్డంగా ఊపారు. "ఇక్కడ పని చేస్తూ పాడుకునేవాళ్ళు ఎవరైనా మిగిలారా?" అని అడిగారు. నాకు మా పెద్దమ్మ గుర్తొచ్చింది. మా అమ్మకి అక్క, పేరు అప్పలనరసమ్మ. ఊరి చివర లైంగ్‌థార్యార్‌లో, బట్టల ఫ్యాక్టరీల వెనక, వెదురు తడికెల గదిలో మనవరాలితో ఉంటుంది. రేవులో మగవాళ్ళు బస్తాలెత్తుతూ పాడిన పాటలు వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకుంది.

కొత్త గదిలో అడుగు పెట్టగానే ఒక్కసారి చప్పట్లు చరిచి వినడం సయాజీకి అలవాటు. గది గొంతు ఎలా ఉందో తెలుసుకోవడానికట. పెద్దమ్మ గుమ్మంలోనూ అలాగే చరిచారు.

"ఏటే గౌరీ, ఈ ముసిలాయన దోమల్ని కొడతన్నాడేటి?" అంది పెద్దమ్మ.

నేను ఆ మాట ఆయనకి ఇంగ్లీషులో చెప్పకుండా ఇంకేదో చెప్పాను. ఆయన నా మొహం చూసి, "ఆమె అన్నది అది కాదు" అన్నారు. "నువ్వు కలపకు, తగ్గించకు. ఆమె తిడితే తిట్టినట్టే చెప్పు. లేకపోతే నేను ఆమెతో మాట్లాడుతున్నట్టు ఎలా అవుతుంది?" అన్నారు. అప్పటికి ఏడేళ్ళుగా గైడు పని చేస్తున్నాను. ఆ పని ఎలా చెయ్యాలో నాకు చెప్పినవాళ్ళు ఆయనొక్కరే. దోమల మాట చెప్పాను. పెద్దమ్మ ముందు ఆయన నవ్వడం అదే మొదటిసారి.

పెద్దమ్మ పాడనంది. పాట తెలియక కాదు. ఆ పాటల్లో ఒకళ్ళు ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకోవాలి. "ఏరు దాటి తెచ్చినాము" అని ఒక గొంతు అంటే, "ఎత్తు బాబూ ఎత్తు" అని ఇంకో గొంతు రావాలి. ఆ రెండో గొంతు వచ్చినప్పుడే బస్తా లేస్తుంది. "నానొక్కదాన్నే పాడితే మూట నేలమీదే ఉంటాది" అంది. మనవరాలు ఫ్యాక్టరీ నుంచి వచ్చేదాకా కూర్చోమంది. కూర్చున్నాం.

మనవరాలి పేరు నీల. చొక్కాలకి కాలర్లు కుట్టేది. తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రి మలేషియా పనికి వెళ్ళి తిరిగి రాలేదు. బయట మాట్లాడేదంతా బర్మా భాషలోనే, తెలుగు వెతుక్కుంటూ మాట్లాడేది. ఆ పిల్ల వచ్చి, మొహం కడుక్కుని, నాన్నమ్మ పక్కన చతికిలబడి, ఆమె ఎత్తుకోగానే అందుకుంది. మాటల్లో తడబడే తెలుగు పాటలో ఎక్కడా ఆగలేదు. సయాజీ పాడేవాళ్ళ వంక చూసేవారు కాదు, చూస్తే వాళ్ళు తన కోసం పాడతారని. ఆయన తల వంచుకుని చాప వంక చూస్తూ కూర్చున్నారు. పాటయ్యాక దాన్నే మెషీనులో మళ్ళీ పెట్టారు. చెవులకి పెట్టుకున్న హెడ్‌ఫోన్లు తీసి నీలకిచ్చారు.

"అత్తా, ఏటిది, నా గొంతు ఇలగుంటాదా?" అంది నీల నాతో. సిగ్గుతో మొహం మోకాళ్ళలో దాచుకుంది.

ఆ చలికాలమంతా, తర్వాతి చలికాలమూ ఆయన వచ్చారు. నీలకి సెలవు దొరికినప్పుడల్లా రికార్డు చేసేవారు. మిగతా రోజుల్లో మా తామ్వే టీకొట్టులో చిన్న స్టూలుమీద మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని నాతో కబుర్లు చెప్పేవారు. ఒకసారి నేను గొప్పగా, మా పెద్దమ్మవి అసలైన పాత పాటలు, కల్తీ లేనివి అన్నాను. "కల్తీ లేని పాట నేనెక్కడా వినలేదు" అన్నారు. "మీ ముత్తాత ఓడలో సగం మరిచిపోయి ఉంటాడు. మరిచిపోయినచోట ఏదో కలుపుకున్నాడు. మీ పెద్దమ్మ ఇంకొంచెం మరిచిపోయి ఇంకొంచెం కలిపింది. అలా బతికింది పాట. స్వచ్ఛమైనది కావాలనేవాళ్ళకి పాడేవాళ్ళతో పనిలేదు."

ఇంకొక మాట కూడా ఆయన తరచు అనేవారు. పాట ఊరందరిదీ కావచ్చు, గొంతు మాత్రం ఒక్కళ్ళదే. వాళ్ళు వద్దంటే అక్కడితో ఆగిపోవాలి. ఆయన వయసులో ఉండగా ఒక కంపెనీలో పనిచేసేవారట. భర్త పోయిన ఒకామె, అతను పాడినవి బయటికి తేవద్దని, తాను వినలేనని అడిగింది. కంపెనీవాళ్ళు సరేనని తర్వాత తెచ్చేశారు. ఆమె ఊరి కొట్టులో రేడియో పెడితే ఆ గొంతు వినిపించి, సామాన్లు వదిలేసి బయటికి వచ్చేసిందని తెలిసింది. సయాజీ ఆ నెలే ఆ కంపెనీ మానేశారు. మళ్ళీ ఎవరి దగ్గరా పనిచెయ్యలేదు. పెద్ద స్టూడియోలు ఆయన్ని పిలవడం మానేశాయి. ఇదంతా చెప్పి, "టీ చల్లారిపోయింది, ఇంకోటి చెప్పు" అన్నారు.

రికార్డు దాదాపు సిద్ధమైంది. అట్టమీద వెయ్యడానికి పెద్దమ్మా నీలా గుమ్మంలో కూర్చున్న ఫొటో కూడా తీశారు. ఈలోగా సైన్యం అధికారం తీసుకుంది.

ఫ్యాక్టరీల పిల్లలు అందరికన్నా ముందు రోడ్లమీదికొచ్చారు. అందులో నీల ఉంది. ఊరికే ఉండడం కాదు, చేతి మైకు పట్టుకుని ముందు నడిచింది. తను ఒక మాట అంటే వెనక వేల గొంతులు అందుకునేవి. ఆ వీడియోలు ఫోన్లలో తిరిగాయి. మొహానికి మాస్కు ఉండేది, గొంతుకి ఏ మాస్కూ లేదు. తర్వాత లైంగ్‌థార్యార్‌లో కాల్పులు జరిగాయి. మా చుట్టాల్లో, ఇరుగుపొరుగులో పోయినవాళ్ళ గురించి ఇక్కడ రాయను. నీల పక్క వీధిలో ఎవరింట్లోనో దాక్కుని, ఆ తర్వాత థాయి సరిహద్దు అడవుల వైపు వెళ్ళిపోయింది. వెళ్ళేముందు నాన్నమ్మకి చెప్పడానికి కూడా రాలేకపోయింది. ఆ పిల్ల కోసం సైన్యం మనుషులు రెండుసార్లు గదికొచ్చి తడికెలు పీకి చూసి వెళ్ళారు.

సయాజీ అప్పటికి తామ్వేలో అద్దె గదిలోనే ఉన్నారు. కరోనా వచ్చినప్పట్నుంచీ విమానాలు లేవు. పెద్దమ్మ ఆయన్ని మెషీనుతో సహా తీసుకురమ్మంది. దారిలో ఫోన్లు తనిఖీ చేస్తున్నారు. ఆయన మెషీనుని కూరగాయల బుట్టలో అడుగున పెట్టుకుని బస్సెక్కారు.

"ఆ పాటలు సెరిపేమను," అంది పెద్దమ్మ నాతో. "గుంట గొంతు దాంట్లో ఉంది. నా పేరుంది. ఆళ్ళు ఇంటే పోల్చీగలరు. అడవిలో ఉన్నా ఒగ్గరు."

నేను చెప్పాను. ఆయన బుట్టలోంచి మెషీను తీసి చాపమీద పెట్టారు. "ఆమెకి మళ్ళీ చెప్పు. చెరిపేస్తే ఇంక ఎప్పటికీ రావు. నీల తప్ప ఆమెకి జవాబు పాడినవాళ్ళు లేరు. అన్ని పాటలూ పోతాయి" అన్నారు.

"తెలుసు. సెరిపేమను."

నేను మధ్యలో కలగజేసుకున్నాను. ఇక్కడివి చెరిపేసి అమెరికాలో మీ అమ్మాయి దగ్గరున్న కాపీ ఉంచండి, ఎవరికి తెలుస్తుంది అన్నాను. ఆయన నా వంక చూసి, "ఆమె నా సంచీలోంచి మాత్రమే తియ్యమనలేదు. లోకంలోంచే తియ్యమంది" అన్నారు. మా ఎదురుగానే మెషీనులో చెరిపేశారు. తర్వాత మా ఇంటికొచ్చి, నెట్ దొరికినప్పుడు కూతురికి ఫోన్ చేశారు. నేను పక్కనే ఉన్నాను. "నాన్నా, ఇది నీ ఆఖరి రికార్డు. నువ్వు ఇంత మంచిది ఎప్పుడూ తియ్యలేదు" అని ఆ అమ్మాయి ఏడ్చింది. "నాకు తెలుసు. తీసెయ్యి" అన్నారు. అయిందని ఆమె చెప్పేదాకా ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని నిలబడ్డారు. ఆయనకి అప్పటికే డెబ్భై దాటాయి.

విమానాలు మొదలయ్యాక మింగళాడోన్ దాకా వెళ్ళి సాగనంపాను. ఎయిర్‌పోర్టు బయట అంతా సైనికులే. ఆయన నా తలమీద చెయ్యిపెట్టి లోపలికి వెళ్ళారు. అదే ఆయన్ని కళ్ళారా చూడటం ఆఖరు.

తర్వాత నీల పోయింది. ఏ తుపాకీ తగిలీ కాదు. జ్వరం. ఆ అడవిలో మందు అందలేదు. కూడా ఉన్న ఒక పిల్ల ఎలాగో రంగూన్ చేరి, వచ్చి చెప్పింది. అక్కడే పాతిపెట్టారట. ఒక బట్ట కూడా తేలేకపోయింది. నీల ఫోను కూడా మిగల్లేదు. ఊరేగింపుల వీడియోలు తనిఖీల భయంతో మావాళ్ళందరూ ఎప్పుడో తీసేశారు. పెద్దమ్మ ఏడవలేదు. వారం దాటాక నా దగ్గరికి తామ్వే వచ్చింది, ఒక్కర్తీ రెండు బస్సులు మారి.

"సయాజీని అడగవే," అంది. "గుంట పాట ఇనిపించమను. ఒక్కటి సాలు."

"చెరిపేశారు కదే పెద్దమ్మా."

"సెరిపేసుంటాడేటి. అంత మిషను, అంత సదువు. ఎక్కడో దాసే ఉంటాడు. అడుగు."

నిజం చెప్పాలంటే నాకూ ఆ ఆశే ఉంది. ఆయన మాట తప్పి ఉండాలని దేవుడికి దణ్ణం పెట్టుకుని ఫోన్ చేశాను. స్పీకరు పెట్టాను. నీల పోయిందని చెప్పాను. పెద్దమ్మ అడిగింది చెప్పాను. ఆయన, "ఆ పాటలు లేవమ్మా. మీరు చెప్పినట్టే చేశాను. ఒక్కటీ ఉంచలేదు" అన్నారు.

నేను కలపలేదు, తగ్గించలేదు.

పెద్దమ్మ ఫోన్ వంక చూసి గట్టిగానే అంది. "నాను సెప్తే మాత్రం సెరిపేస్తావా? అది నాను బయంతో అన్న మాట. బయంతో అన్న మాట ఇనేస్తారేటి ఎవలైనా?"

అదీ ఆయనకి అన్నది అన్నట్టే చెప్పాను. ఆయన తనని సమర్థించుకోలేదు. క్షమించమని కూడా అనలేదు. "ఆమెకి నేను ఆ గొంతు ఇవ్వలేను. నేను విన్నది చెప్పగలను. చెప్పనా?" అని అడిగారు. పెద్దమ్మ ఫోన్ దగ్గరికి జరిగింది. ఆయన చెప్పడం మొదలుపెట్టారు.

నీల నాన్నమ్మ మాట పూర్తి కాకుండానే అందుకునేదని చెప్పారు. మిగతావాళ్ళు ఊపిరి తీసుకున్నాక పాడతారు, నీల ఊపిరి తీసుకుంటూనే పాడేది, అందుకే మొదటి అక్షరం కొంచెం గాలిగా ఉండేది అన్నారు. "ఎత్తు" అన్నప్పుడు గొంతు పైకి వెళ్ళి చివర్లో చిన్నగా చీలేది, అది తప్పనుకుని సిగ్గుపడి రెండోసారి దాన్ని దాచడానికి గట్టిగా పాడేది అన్నారు. అలసిపోయిన రోజున ముక్కుతో పాడేది. ఒక పాటలో నాన్నమ్మ మాట మరిచిపోతే, నీల ఆగకుండా ఆ మాట తానే అందించి, వెంటనే తన జవాబు కూడా తానే పాడిందట. ఆ ఒక్కచోట రెండు గొంతులూ నీలవే. ఇదంతా ఆయన మెల్లగా, ఎదురుగా ఆ పిల్ల కూర్చుని ఉన్నట్టు చెప్పారు. నేను మాట మాటా తెలుగులోకి మార్చాను.

పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వింది. "నానప్పుడు 'కోటిపల్లి' అన్న మాట మరిసిపోయినాను," అంది చివరికి. "అవును. గుంటే అందించింది." మళ్ళీ కొంచెం ఆగి, "అయితే నువ్వు ఇన్నావు," అని ఫోన్ పక్కకి తోసేసింది.

ఆయన్ని ఆమె క్షమించిందో లేదో నేనడగలేదు. కానీ ఆదివారాలు నేను లైంగ్‌థార్యార్ వెళ్ళినప్పుడు, "సయాజీకి కొట్టు" అనేది. అక్కడ ఆయనకి తెల్లవారుతూ ఉండేది. నిద్రలోంచి లేచి చెప్పేవారు. చెప్పిందే చెప్పేవారు, ఒక్కోసారి కొత్తది గుర్తొచ్చేది. ఏడాది పైన అలా నడిచింది. ఇంకో రికార్డు ఏదీ ఆయన తియ్యలేదు. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు వచ్చి పిలిచినా వెళ్ళలేదని కూతురు చెప్పింది.

తర్వాత ఆయనకి పక్షవాతం వచ్చింది. మాట తిరిగొచ్చింది గానీ జ్ఞాపకంలో మనుషులు ఒకళ్ళలో ఒకళ్ళు కలిసిపోవడం మొదలైంది. ఆఖరిసారి ఫోన్ చేసినప్పుడు చాలా హుషారుగా ఉన్నారు. నీల గొంతు గురించి చెప్తానన్నారు. "ఆ పిల్ల వరండాలో నిలబడి పాడేది. చేతులు మోచేతుల దాకా సబ్బునీళ్ళలో ఉండేవి. బట్ట పిండేటప్పుడు పాట బిగిసేది, వదిలినప్పుడు గొంతూ వదిలేది..."

నేను ఆగిపోయాను. అది నీల కాదు. ఆయన తల్లి.

"ఏటయింది? సెప్పవేటి?" అంది పెద్దమ్మ.

నీలగా మార్చి చెప్పొచ్చు. ఆయన పొరబడుతున్నారని కూడా చెప్పొచ్చు. ఆయన నాకు నేర్పిన పని ఒక్కటే ఉంది కాబట్టి, ఆయన అన్నది అన్నట్టే చెప్పాను. వరండా, సబ్బునీళ్ళు, అన్నీ. పెద్దమ్మ నా మొహం చూసింది. ఫోన్ దగ్గరికి వంగింది.

"అలగే సయాజీ," అంది. "అలగే పాడేది. ఇంకా సెప్పు."

ఆయన సంతోషంగా నవ్వి ఇంకా చెప్పారు. ఫోన్ పెట్టేశాక పెద్దమ్మ దాన్ని కొంగుతో తుడిచి నా చేతికిచ్చింది. "ఆళ్ళమ్మే అయ్యుంటాది," అంది. "పోనీలే. మన గుంటని ఇన్నాళ్ళు మోసినాడు. ఆళ్ళమ్మని మనం ఇనమేటి."

కబురు తెలిసిన మర్నాడు సాయంత్రం నేను లైంగ్‌థార్యార్ వెళ్ళాను. పెద్దమ్మ గుమ్మంలో కూర్చుని ఫ్యాక్టరీ చొక్కాలకి వేలాడే దారాలు కత్తిరిస్తోంది. ఇంటికి తెచ్చుకుని చేసే పని అది. సయాజీ పోయారని చెప్పాను. చేతిలో ఉన్న చొక్కా పూర్తిచేసి, మడతపెట్టి, కత్తెర పక్కన పెట్టింది.

"ఇంక ఆ గుంట గొంతు తెలిసినోళ్ళం నువ్వూ నానే," అంది. "నాకు సెవులు పోతన్నాయి. ఆయన సెప్పినవి కాదు, నువ్వు ఇన్నది సెప్పు."

ఇన్నాళ్ళూ ఆయన మాటలు మోశాను తప్ప, ఆ గదిలో నేనేం విన్నానో ఎప్పుడూ వెనక్కి వెళ్ళి చూసుకోలేదు. కళ్ళు మూసుకున్నాను. సరిగ్గా అప్పుడే షిఫ్టు వదిలారు. నిలువుగా కిక్కిరిసిన ఆడపిల్లలతో పికప్ బళ్ళు మట్టిరోడ్డు మీదికి వచ్చాయి. పెద్దమ్మ చెయ్యెత్తి, ఆ మోత తగ్గేదాకా నన్ను ఆగమంది. ఒక బండి దాటేలోపు ఇంకొకటి. బళ్ళలో పిల్లలు ఒకళ్ళ భుజంమీద ఒకళ్ళు తల ఆనించి నిలబడే నిద్రపోతున్నారు. ధూళి గుమ్మందాకా వచ్చి చొక్కాలమీద పడుతోంది. పెద్దమ్మ వాటిని కప్పలేదు, ఎత్తిన చెయ్యి దించలేదు. తల నా వైపు వంచి, చెవి నా నోటికి దగ్గరగా పెట్టి, బళ్ళు అయిపోయేదాకా అలాగే కూర్చుంది.